మందు లేని తూటాలు, షెల్లు, గ్రెనేడ్లు: సేకరించాలంటే ఏది కొనాలి, ఏది ముట్టుకోకూడదు

ఇంగ్లాండ్‌లోనో అమెరికాలోనో ఆదివారం పాత సామాన్ల సంతకి వెళ్తే ఏదో ఒక బల్ల మీద మిలిటరీ సరుకు కనిపిస్తుంది. నిలువెత్తు ఇత్తడి షెల్లు, తుప్పు పట్టిన గ్రెనేడ్, ఒక సీసా నిండా ఖాళీ తూటాలు, పక్కన నాలుగు బ్యాడ్జీలు. చరిత్ర పిచ్చి ఉన్నవాడికి అక్కడ కాలు ముందుకి సాగదు. ఇవి సేకరించడం ఆ దేశాల్లో మామూలు హాబీయే. యూరప్‌లో తూటాల పరిశోధకుల సంఘం ఉంది, అమెరికాలో ఇంటర్నేషనల్ అమ్యునిషన్ అసోసియేషన్ ఉంది, సెయింట్ లూయిస్‌లో ఏటా తూటాల సేకర్తల కోసమే ప్రదర్శన జరుగుతుంది. కాబట్టి "ఇదేం పిచ్చిరా" అనేవాళ్లని పక్కన పెట్టి, ఇన్ని రకాల్లో దేనితో మొదలుపెట్టాలో చూద్దాం.

ధర, అరుదు, అందం అన్నీ తర్వాతి మాట. నేను ముందు చూసేది ఒక్కటే: లోపల మందు లేదని కొనేముందే నా కళ్లతో చూడగలనా? చూడగలిగితే బేరం ఆడతాను. "లేదండీ, నా మాట నమ్మండి" అంటే పక్క బల్లకి పోతాను. కింద చెప్పేదంతా ఈ లెక్క ప్రకారమే.

ముందు పేర్ల గందరగోళం తీర్చుకోవాలి, కొత్తవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. డ్రిల్ లేదా డమ్మీ అంటే సైనికులకి లోడింగ్ నేర్పడానికి మొదటి నుంచీ మందు లేకుండా తయారుచేసినది. ఇనర్ట్ అంటే ఒకప్పుడు నిజమైనదే అయినా మందు తీసేసినది, లేదా తీసేశామని ఎవరో చెబుతున్నది, ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడా ప్రాణం తీయగలదు. రెప్లికా అంటే బొమ్మ. ప్రాక్టీస్ మాత్రం వీటిలో దేనికీ చెందదు. ప్రాక్టీస్ సరుకుకి అమెరికా సైన్యం నీలం రంగు వేస్తుంది, దాంతో "నీలం అంటే ఖాళీ" అని జనంలో ఒక నమ్మకం పడిపోయింది. నిజం కాదు. విమానాల నుంచి వేసే బీడీయూ-33 అనే పాతిక పౌండ్ల నీలం ప్రాక్టీస్ బాంబులో, ఎక్కడ పడిందో పైలట్‌కి తెలియడానికి పొగ వదిలే కార్ట్రిడ్జ్ ఉంటుంది, పేలకుండా మిగిలితే అది నిజంగా ప్రమాదమే. ఎం69 ప్రాక్టీస్ గ్రెనేడ్ కూడా అంతే, ఒళ్లంతా ఖాళీ ఇనుమే అయినా పైన బిగించే ఫ్యూజ్ (మందుని అంటించే మర) మాత్రం నిజమైనదే. రంగు చూసి కొనకండి.

ఇక పోలికలోకి వస్తాను.

తుపాకీ తూటాలు

నన్ను ఎవరైనా అడిగితే మొదట చెప్పేది ఇవే. చిన్నవి, చవక, ఒక అట్టపెట్టెలో యాభై పడతాయి, ఇంట్లో ఆవిడకి చోటు గురించి సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. అన్నిటికంటే ముఖ్యంగా, చదవడానికి వీటి మీద ఉన్నంత సమాచారం ఇంకో దాని మీద ఉండదు. తూటా అడుగున గుండ్రంగా పోత పోసినట్టు కొట్టిన అక్షరాలు, అంకెలు ఉంటాయి, వాటిని హెడ్‌స్టాంప్ అంటారు. బ్రిటిష్ సైన్యం రైఫిళ్లలో వాడిన .303 ఖాళీ తూటా ఒకటి తీసి దీపం కింద తిప్పి చూడండి. "కె ఎఫ్" అని ఉంటే అది పుణె దగ్గర ఖడ్కీలో ఉన్న ఫ్యాక్టరీలో పుట్టింది (బ్రిటిష్ వాళ్లు కిర్కీ అనేవారు). పక్కన రెండంకెల ఏడాది. రోమన్ అంకెల్లో ఏడు ఉంటే మార్క్ 7 తూటా, 1910లో వచ్చి రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ పనిచేసింది. మధ్యలో ప్రైమర్ (దెబ్బ తగలగానే నిప్పు పుట్టించి మందుని అంటించే చిన్న బిళ్ల) చుట్టూ సన్నటి రంగు వలయం ఉంటే అది కూడా ఒక భాషే: ఊదా అయితే మామూలు గుండు, ఆకుపచ్చ అయితే కవచం చీల్చేది, ఎరుపు అయితే దారి పొడవునా మెరుస్తూ పోయే ట్రేసర్, నీలం అయితే నిప్పంటించేది. చిటికెన వేలంత ఇత్తడి ముక్క అడుగున ఇంత చరిత్ర ఉంటే ఇక అరుదైన వస్తువుల కోసం పరుగులెందుకు?

తూటాల్లోనూ రెండు దారులున్నాయి. గుండు లేని ఖాళీ తొడుగు అయితే లోపలికి వెలుతురు వేసి చూసుకోవచ్చు, సందేహమే లేదు. గుండుతో సహా పూర్తి తూటాలా కనిపించాలంటే డ్రిల్ రౌండ్ కొనండి. వాటికి తొడుగు పక్కన రంధ్రాలో, పొడవునా నొక్కిన గాడులో ఉంటాయి. అమెరికా వాళ్ల 5.56 ఎంఎం డమ్మీ ఎం199 అయితే తొడుగు మీద ఆరు గాడులుంటాయి, ప్రైమర్ అసలే ఉండదు, చీకట్లో తడిమినా తెలిసిపోతుంది.

వద్దనేది మూడో రకం, గుండు ఉండి, రంధ్రం లేకుండా, ప్రైమర్ మీద సొట్ట ఉన్నది. అమ్మేవాడు "కాల్చేసిన తొడుగులో గుండు తిరిగి పెట్టాను, చూడండి సొట్ట" అంటాడు. అది నిజం కావచ్చు. తుపాకీ సుత్తి తగిలినా పేలని తూటాకి కూడా అదే సొట్ట ఉంటుంది. చెవి దగ్గర పెట్టి ఊపి చూస్తారు కొందరు, .303లో అది బొత్తిగా పనికిరాదు. అందులో మందు పొడిలా కాక సన్నటి కార్డైట్ పుల్లల కట్టలా ఉంటుంది, పైన అట్ట బిళ్ల ఒకటి నొక్కి పెడుతుంది. ఎంత ఊపినా చప్పుడు రాకపోవచ్చు.

ఫిరంగి షెల్ తొడుగులు

ఇంట్లో షోకేస్ కోసం, నలుగురు చూసి అడగాలని కొనేవాళ్లకి ఇవి. అందులోనూ మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ 18 పౌండర్ (సుమారు 18 పౌండ్ల గుండు పేల్చే ఫిరంగి) తొడుగుతో మొదలుపెట్టండి. 84 ఎంఎం ఫిరంగి, తొడుగు ఎత్తు దాదాపు 30 సెంటీమీటర్లు, మంచి బరువైన ఇత్తడి. పశ్చిమ రంగంలో బ్రిటిష్ వాళ్లు ఈ ఒక్క రకం ఫిరంగి నుంచే దాదాపు 10 కోట్ల గుండ్లు పేల్చారు, కాబట్టి కొరత లేదు, ధర కొండెక్కదు, నకిలీ చేయాల్సిన అవసరం కూడా ఎవరికీ పెద్దగా లేదు. జర్మన్ 7.7 సెంటీమీటర్ల తొడుగుల అడుగున కార్ల్స్‌రూహె, మాగ్డెబర్గ్ లాంటి ఊర్ల పేర్లు కనిపిస్తాయి. ఫ్రెంచ్ వాళ్ల 75 ఎంఎంది సన్నగా, పొడుగ్గా, చూడటానికి అన్నిటికంటే అందంగా ఉంటుంది, నాకు మాత్రం అడుగున గుర్తులు ఎక్కువున్న 18 పౌండరే ఇష్టం.

దీని దగ్గర చూడాల్సింది ఒక్కటే, అడుగున మధ్యలో మరతో బిగించిన ప్రైమర్. పైనుంచి చూస్తే తొడుగు ఖాళీగానే ఉంటుంది, అందుకే ప్రైమర్‌ని ఎవరూ పట్టించుకోరు. కానీ ప్రైమర్‌లో కూడా మందు ఉంటుంది, పేలనిది అయితే ఆ మందు ఇంకా అక్కడే ఉన్నట్టు. ప్రైమర్ తీసేసి అడుగున గుండ్రటి రంధ్రం కనిపించే తొడుగు మేలు. దాన్ని వెనక్కి తిప్పి టెలిస్కోప్‌లా ఆ చివరి నుంచి ఈ చివరికి చూడగలిగితే ఇక టెన్షన్ లేదు.

ఈ తొడుగుల మీద పువ్వులు, ఆకులు, ఊర్ల పేర్లు చెక్కి పూలకుండీల్లా చేసినవి కూడా దొరుకుతాయి, ట్రెంచ్ ఆర్ట్ అంటారు. "కందకంలో కూర్చుని సైనికుడు చెక్కాడు" అని ప్రతి అమ్మకందారూ కథ చెబుతాడు. కొన్ని నిజమే. చాలావరకు యుద్ధం వెనక ఉన్న వర్క్‌షాపుల్లో, లేదా యుద్ధం అయ్యాక రణరంగాలు చూడటానికి వచ్చిన యాత్రికుల కోసం బెల్జియం, ఫ్రాన్స్ స్థానికులు చేసినవి. అందంగా ఉంటే కొనండి, కథకి మాత్రం డబ్బులు కట్టకండి. సైనికుడి పేరు, నంబరు, రెజిమెంట్ చెక్కి ఉంటే అది వేరే సంగతి, రికార్డులతో సరిపోల్చుకోవచ్చు.

ఇంకోటి, మన ఇళ్లలో ఇత్తడి కనిపిస్తే చాలు చింతపండు పెట్టి తోమేస్తారు. దయచేసి వద్దు. వందేళ్లుగా పట్టిన ముదురు రంగు పోతే విలువా పోతుంది, గట్టిగా తోమే కొద్దీ అడుగున ఉన్న గుర్తులు అరిగిపోతాయి. మెత్తటి పొడి గుడ్డ చాలు.

గ్రెనేడ్లు

ఎక్కువమంది మనసు పడేది, ఎక్కువ గొడవలు తెచ్చేది. బ్రిటిష్ మిల్స్ బాంబు 1915లో వచ్చింది, దాని తర్వాతి రూపమైన 36ఎం మన సైన్యం చేతుల్లో కూడా దశాబ్దాలు ఉంది, దాని స్థానంలో దేశీయ మల్టీ మోడ్ గ్రెనేడ్‌ని 2021లో సైన్యానికి అందించారు. సేకర్తకి మిల్స్‌లో ఉన్న సుఖం ఏమిటంటే దాని అడుగున మర బిళ్ల ఉంటుంది, తయారీదారు పేరు చాలాసార్లు దాని మీదే ఉంటుంది, డిటొనేటర్ (మందుని పేల్చే చిన్న పేలుడు గొట్టం) వెళ్లేదీ ఆ దారినే. అంటే పేరున్న డీలర్ దగ్గర అది విప్పి, లోపల ఖాళీ గుల్ల చూపించి, మళ్లీ బిగించి ఇస్తాడు. శిక్షణ కోసం పక్కన రంధ్రాలు కొట్టిన డ్రిల్ గ్రెనేడ్ అయితే ఇంకా మంచిది. "తుప్పుకి బిగుసుకుపోయింది, విప్పడం కుదరదు" అన్నాడంటే ఉచితంగా ఇచ్చినా వద్దు. మీరు ఇంటికి తెచ్చి నూనె పోసి తిప్పి చూస్తానంటే అంతకంటే తెలివితక్కువ పని లేదు.

తూటాతో పోలిస్తే గ్రెనేడ్ ఇంకో రకంగానూ కష్టం. అద్దె ఇంట్లో షెల్ఫ్ మీద అది చూసిన ప్లంబర్ ఏం చేస్తాడు? పోలీసులకి ఫోన్ చేస్తాడు. వీధి ఖాళీ చేయించి బాంబు స్క్వాడ్ వచ్చాక "ఇది బొమ్మండీ" అని చెప్పడం ఎవరికీ సరదా కాదు. గాజు పెట్టెలో, పక్కన "ఖాళీ, రంధ్రం కొట్టినది" అని రాసిన చీటీ, కొన్న బిల్లు కాపీతో పెట్టుకునే ఓపిక ఉంటేనే దీని జోలికి వెళ్లండి. బ్రిటన్‌లో పెద్ద సరుకుతో పాటు ఎఫ్‌ఎఫ్‌ఈ సర్టిఫికెట్ అని, పేలుడు పదార్థం లేదని ధ్రువీకరించే కాగితం ఇస్తారు. అది ఉన్నదానికి కొంచెం ఎక్కువైనా పెట్టండి.

ఫ్యూజులు, గుండుతో సహా షెల్లు, పొలంలో దొరికినవి

మొదటి రెండేళ్లు వద్దు. ఫ్యూజులు నిజంగా అందమైనవి, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. 18 పౌండర్ ష్రాప్‌నెల్ గుండుకి (గాలిలోనే పేలి చిన్న గుళ్లు చిమ్మేది) పెట్టే 80వ నంబరు టైమ్ ఫ్యూజ్ చూస్తే, చుట్టూ అంకెలు చెక్కిన వలయాలు, గడియారం పనితనం కనిపిస్తుంది. కానీ ఆ వలయాల లోపల నల్ల తుపాకిమందు నింపిన గాడులు, దాని కింద ఇంకో అర, పైగా డిటొనేటర్. బయటినుంచి చూసి ఇవన్నీ ఖాళీ అని చెప్పే మార్గం లేదు. నేను మొదట చెప్పిన లెక్క ఇక్కడ పూర్తిగా చేతులెత్తేస్తుంది.

పొలంలో దొరికినవి అంటే ఇక చర్చే లేదు. బెల్జియం, ఉత్తర ఫ్రాన్స్ రైతులు దున్నిన ప్రతి ఏడూ నాగలికి షెల్లు తగులుతూనే ఉంటాయి, బెల్జియం సైన్యంలో వాటిని పోగుచేసి నిర్వీర్యం చేయడానికే ఒక విభాగం ఉంది. వాటిలో విషవాయువు షెల్లు కూడా ఉంటాయి. 2014 మార్చిలో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర నిర్మాణ పనుల్లో ఉన్న ఇద్దరు కూలీలు మొదటి ప్రపంచ యుద్ధపు షెల్ పేలి చనిపోయారు, అది నేలలో పడి వందేళ్లు కావస్తోంది అప్పటికి. పాతబడితే మందు చచ్చిపోతుందనేది భ్రమ. కొన్ని షెల్లలో నింపిన పిక్రిక్ ఆసిడ్ అనే పేలుడు పదార్థం లోహంతో కలిసి ఏళ్లు గడిచే కొద్దీ ఇంకా సున్నితంగా తయారవుతుంది. అమెరికాలో 2008లో వర్జీనియాలో అంతర్యుద్ధం నాటి ఫిరంగి గుండుని శుభ్రం చేస్తూ ఒక సేకర్త ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆయన కొత్తవాడు కాదు, అలాంటివి వందల కొద్దీ చేసిన మనిషి. గుండు వయసు 140 ఏళ్లు.

రెప్లికాలు

పిల్లలున్న ఇంట్లో, పాఠాలు చెప్పేవాళ్లకి, నాటకాల వాళ్లకి ఇవే సరి. సేకరణగా విలువ సున్నా. కానీ అసలు పేరుతో రెప్లికాలు అమ్మే మోసం మిల్స్, పైనాపిల్ (ఒంటి మీద గళ్లుండే అమెరికా రకం) గ్రెనేడ్లలో బాగా ఉంది, కాబట్టి అసలుది కొనేవాడు కూడా రెప్లికా ఎలా ఉంటుందో ఒకటి చేతిలో పట్టుకుని చూసి ఉండటం మంచిది. పోత అంచులు, బరువు, మరల నాణ్యత, అన్నీ తేడా తెలుస్తాయి.

మీరు ఎక్కడ ఉంటున్నారు, ఏ వీసా మీద?

ఇదేం ప్రశ్న అనుకోకండి, ఎంపిక మొత్తం తలకిందులయ్యేది ఇక్కడే. అమెరికాలో స్థానికులకి తూటాలు కొనడం చాలా రాష్ట్రాల్లో కూరగాయలు కొన్నంత సులువు. హెచ్1బీ, ఎఫ్1 లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లకి అలా కాదు. ఫెడరల్ చట్టం ప్రకారం వాళ్ల దగ్గర తుపాకీ గానీ అమ్యునిషన్ గానీ ఉండకూడదు, వేట లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులు తప్ప. పైగా ఆ చట్టంలో అమ్యునిషన్ నిర్వచనం చదివితే పూర్తి తూటా ఒక్కటే కాదు, తొడుగు, ప్రైమర్, గుండు, మందు విడివిడిగా కూడా అందులోకే వస్తాయి. అంటే నేను అందరికంటే ముందు సిఫార్సు చేసిన ఖాళీ .303 తొడుగే మీకు అన్నిటికంటే చిక్కు వస్తువు కావచ్చు. స్నేహితులతో షూటింగ్ రేంజ్‌కి వెళ్లి జ్ఞాపకంగా నాలుగు తొడుగులు జేబులో వేసుకొచ్చే అలవాటు కూడా మానుకోండి. గ్రీన్ కార్డ్ వచ్చేదాకా పాత మాన్యువళ్లు, ఖాళీ చెక్కపెట్టెలు, పోస్టర్లు, రెప్లికాలతో సరిపెట్టుకోవడం, లేదా కొనేముందు లాయర్‌ని ఒక మాట అడగడం ఉత్తమం. గ్రెనేడ్, బాంబు లోపల మందుంటే ఎవరికైనా అది చట్టం భాషలో డిస్ట్రక్టివ్ డివైస్, అంటే విధ్వంసక పరికరం అవుతుంది, ఖాళీ గుల్ల అయితే కాదు.

బ్రిటన్‌లో మీ వీసా కంటే వస్తువే ముఖ్యం. మందున్న .303 కావాలంటే తుపాకీ సర్టిఫికెట్ కావాలి, కాల్చేసిన ఖాళీ తొడుగుకి అక్కర్లేదు. కాబట్టి అక్కడున్నవాళ్లకి నా సలహా మారదు: ముందు ఖాళీ తూటాలు, తర్వాత ఒక 18 పౌండర్.

మన దేశంలో ఉన్నవాళ్లకి మాత్రం సూటిగా చెబుతాను, ఈ హాబీ వద్దు. 1959 ఆయుధ చట్టం అమ్యునిషన్ అన్నప్పుడు దాని భాగాలని కూడా కలుపుకుంటుంది, గ్రెనేడ్లు, షెల్లు, బాంబులు నిషేధిత అమ్యునిషన్ జాబితాలోనే ఉన్నాయి, లైసెన్స్ లేకుండా నిషేధిత అమ్యునిషన్ దొరికితే 2019 సవరణ తర్వాత శిక్ష 7 ఏళ్ల నుంచి 14 ఏళ్లు. "లోపల మందు లేదు, వాడే ఉద్దేశం లేదు" అని కోర్టులో వాదించే దారి ఉంది, చిల్లర భాగాలకి చట్టంలోనే కొంత మినహాయింపు కూడా ఉంది, కానీ ఆ వాదన చెప్పే రోజు వచ్చేలోపు ఎఫ్ఐఆర్, బెయిలు, పాస్‌పోర్టు గొడవ అన్నీ అయిపోతాయి. ఇనుప కొట్లో తూకానికి దొరికే సరుకు సంగతి మరీ ఘోరం. 2004లో ఘజియాబాద్ దగ్గర ఒక ఉక్కు కర్మాగారంలో దిగుమతి చేసుకున్న తుక్కులో ఉన్న షెల్లు పేలి 10 మంది చనిపోయారు.

బదులుగా ఏం సేకరించవచ్చు? మెడల్స్. రెండో ప్రపంచ యుద్ధపు స్టార్ మెడల్స్ బ్రిటిష్ సైనికులకి పేరు లేకుండా ఇస్తే, భారత సైనికులకి ఇచ్చినవాటి మీద నంబరు, పేరు, దళం చెక్కి ఉంటాయి. ఒక మనిషి కథ దొరుకుతుంది, షెల్‌లో అది దొరకదు. ఫీల్డ్ పోస్ట్ ఆఫీస్ ముద్ర ఉన్న ఉత్తరాలు, పాత యూనిట్ ఫొటోలు ఇంకా చవక. తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం లాంటి, తరతరాలుగా సైన్యంలో చేరుతున్న ఊళ్లలో ఇవి ఇళ్లలోనే ఉంటాయి, కొనడం కంటే ఫొటో తీసి, పెద్దవాళ్లు చెప్పింది రాసుకోవడం మేలని నా అభిప్రాయం. వందేళ్లు దాటిన వస్తువైతే పురావస్తు చట్టం కూడా వర్తించవచ్చు, విదేశాలకి పంపే ముందు చూసుకోండి. ఇక షెల్లే చూడాలనుంటే విశాఖ మ్యూజియంలో జపాన్ వాళ్లు వేసిన, పేలని బాంబు ఉంది. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ విమానాలు దాడి చేసిన సంగతి మనలో చాలామంది మర్చిపోయారు. చెన్నైలో ఫోర్ట్ మ్యూజియంకి వెళ్తే 1914 సెప్టెంబర్ 22న జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ నగరం మీద కురిపించిన గుండ్లలో ఒక ముక్క కనిపిస్తుంది.

విదేశంలో కొన్నది ఇండియాకి తేవచ్చా అని అడిగేవాళ్లకి: తేవద్దు. అమెరికా విమానాశ్రయాల్లో ఖాళీ గ్రెనేడ్, రెప్లికా గ్రెనేడ్ చేతి సంచిలోనే కాదు, చెక్-ఇన్ బ్యాగులో కూడా నిషేధం. మన విమానాశ్రయాల్లో స్కానర్‌లో ఒక్క ఖాళీ తూటా కనిపించినా పోలీసు స్టేషన్ దాకా వెళ్తుంది. 2022లో ఇజ్రాయెల్‌లో ఒక అమెరికన్ కుటుంబం గోలన్ కొండల్లో దొరికిన పేలని షెల్‌ని జ్ఞాపకంగా బ్యాగులో పెట్టుకుని బెన్ గురియన్ విమానాశ్రయానికి వచ్చింది, దాన్ని చూపించగానే జనం భయంతో పరుగులు తీశారు.

ఇవన్నీ చూసుకుని కొనేశారనుకోండి. ప్రతి వస్తువుకీ ఒక కార్డు రాసిపెట్టండి: ఏమిటది, ఎవరి దగ్గర, ఎప్పుడు కొన్నారు, ఖాళీ అని ఎలా తేల్చుకున్నారు, రంధ్రం ఎక్కడుంది, ఒక ఫొటో. ఎక్కడుందో ఇంట్లోవాళ్లకి తెలియాలి. ఎందుకంటే మీరు లేనప్పుడు అటక సర్దేవాళ్లకి అది ఖాళీదో నిజమైనదో తెలియదు. ఆ కార్డు లేని షెల్ ఎవరి అటక మీదైనా మీకు కనిపిస్తే మాత్రం కదపకండి, ఫొటో కోసం తిప్పకండి, కారులో వేసుకుని స్టేషన్‌కి తీసుకెళ్లకండి. బయటికి వచ్చి పోలీసులకి ఫోన్ చేయండి, వాళ్లే వస్తారు.